సవరణ: వీరాపురం కొంగలు సైబీరియావి కావు

చిలమత్తూరు దగ్గర వీరాపురం చింతచెట్ల మీది కొంగల ఫొటోలు పెట్టి, ఇవి సైబీరియా నుంచి ఎగిరొస్తాయని మొన్న రాశాను. అది తప్పు, అందరూ అనే మాటే కదా అని సరిచూడకుండా రాసేశా. పక్షి శాస్త్రవేత్తల పుస్తకాల ప్రకారం పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు ఉండే ఈ ఎర్రకాళ్ల కొంగలు భారత ఉపఖండం, ఆగ్నేయాసియా పక్షులు, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి పోతుంటాయి. అసలు సైబీరియా నుంచి చలికాలానికి వచ్చే పక్షులు ఇక్కడ గూళ్లు పెట్టవు, ఇవేమో మన చింతచెట్ల మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి!

అంటే వీటి బతుకంతా మన చెరువుల మీదే. లోతు తక్కువ నీళ్లలో, ముక్కు కొంచెం తెరిచి అటూ ఇటూ ఊపుతూ, కాళ్లతో బురద కదుపుతూ నడుస్తాయి, చేప ముక్కుకి తగలగానే టక్కున పట్టేస్తాయి. పూడిక తీస్తున్నామని చెరువు అంచులన్నీ నిటారుగా తవ్వేస్తే, చెరువు నిండుగా ఉన్నా వీటికి నిలబడే చోటే ఉండదు, నాకు టెన్షన్ అంతా దాని గురించే.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా షేర్ చేయండి.