దొరికేదాకా దొరే: రాఫిల్స్ రేడియో నాటికల మీద నిందకు జవాబు

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో లూపిన్ ధారావాహిక వచ్చినప్పటి నుంచి పాత ‘పెద్దమనిషి దొంగ’ కథల మీద మళ్లీ ఆసక్తి పుట్టింది. దానితో పాటే ఒక తీర్పు కూడా చేతులు మారుతూ తిరుగుతోంది. పగలు క్రికెట్ ఆడే దొరగా, రాత్రి దొంగగా బతికే రాఫిల్స్ అనే ఇంగ్లీషు కథానాయకుడి మీద బీబీసీ రేడియో 4 1985 నుంచి 1993 వరకు విడతలుగా ప్రసారం చేసిన నాటికలు వృథా ప్రయాస అన్నది ఆ తీర్పు. అందుకు చూపే కారణాలు నాలుగు: రాఫిల్స్ ఫ్రెంచి కథల దొంగ లూపిన్‌కు ఇంగ్లీషు నకలు, అతడు ఉన్నవాణ్ని కొట్టి లేనివాడికి పెట్టే పాత మూసలోని దొంగ, ఆ నాటికలు నేరానికి పట్టుబట్టలు కట్టాయి, అన్నింటికీ మించి, దొంగతనం కంటితో చూడవలసిన విద్యే గాని చెవితో వినవలసినది కాదు.

మొదటి మాట తేదీల దగ్గరే తేలిపోతుంది. ఇ. డబ్ల్యు. హార్నంగ్ రాసిన తొలి రాఫిల్స్ కథ 1898 జూన్‌లో క్యాసెల్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది, తొలి సంపుటి 1899లో వెలువడింది. మారిస్ లెబ్లాన్ సృష్టించిన ఆర్సెన్ లూపిన్ ఫ్రెంచి పాఠకుల ముందుకు వచ్చింది 1905 జూలైలో. ఏడేళ్లు ముందు పుట్టినవాడు వెనక వచ్చినవాడికి నకలు కాలేడు. హార్నంగ్ ఎదుట ఉన్న మూర్తి వేరు, అది ఆయన ఇంట్లోనే ఉంది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయల్ చెల్లెలిని ఆయన 1893లో పెళ్లాడారు. తొలి సంపుటిని ఆ బావగారికే, ‘ఏ.సి.డి.కి, ఈ రకం పొగడ్త’ అన్న అర్థం వచ్చే మాటలతో అంకితమిచ్చారు. అనుకరణను మించిన పొగడ్త లేదన్న ఇంగ్లీషు సామెతను సగంలో తుంచి చేసిన చమత్కారమది. హోమ్స్, వాట్సన్ జంటను తిరగేస్తే రాఫిల్స్, బన్నీ వస్తారు: ఒకడు తెలివైనవాడు, రెండోవాడు అతణ్ని ఆరాధిస్తూ కథ చెప్పేవాడు, మారినదల్లా చట్టానికి ఏ పక్కన నిలబడ్డారన్నదే.

రెండో మాట తప్పే గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కోపం రాదు. తెలుగులో ‘పెద్దమనిషి’ అనగానే మంచితనం కూడా ఆ మాటలోకి వచ్చి కూర్చుంటుంది గనుక, ‘పెద్దమనిషి దొంగ’ అంటే మనసున్న దొంగ అని మనకు మనమే అర్థం చెప్పుకుంటాము. విక్టోరియా రాణి నాటి ఇంగ్లండులో దీనికి మూలమైన ‘జెంటిల్‌మన్’ అన్న మాట గుణాన్ని కాదు, అంతస్తును చెబుతుంది. క్రికెట్‌లో దీనికి కళ్లెదుటి సాక్ష్యం ఉంది. 1806లో మొదలై 1962 దాకా సాగిన ‘జెంటిల్‌మెన్, ప్లేయర్స్’ పోటీల్లో డబ్బు తీసుకోకుండా ఆడే దొరలు ఒక జట్టు, కూలి తీసుకుని ఆడేవారు మరొక జట్టు. రాఫిల్స్ ఆ దొరల పక్షాన ఆడే బౌలర్. అదే పేరున్న కథలో అతణ్ని ఒక ప్రభువు ఇంటికి ఆట కోసం పిలుస్తారు. తిన్న ఇంటికి కన్నం వేయకూడదన్న పట్టింపు అతడికి లేకపోలేదు. అయితే తనను మనిషిగా కాక ఆటగాడిగా మాత్రమే పిలిచారు గనుక తాను నిజమైన అతిథిని కానని తనకు తానే వెసులుబాటు ఇచ్చుకుని, ఆ ఇంట్లో బస చేసిన మరో అతిథి కంఠహారం మీద కన్నేస్తాడు. ఆ పట్టింపులో గాని, ఆ వెసులుబాటులో గాని బీదవాడి ప్రస్తావనే లేదు. అతడికి సరిపోయే తెలుగు మాట ‘దొరికితే దొంగ, దొరకకపోతే దొర’ అన్న సామెతలోనే ఉంది.

ఇక దానధర్మాల సంగతి. మరో కథలో రాఫిల్స్ బ్రిటిష్ మ్యూజియంలోంచి బంగారు పాత్ర ఒకటి ఎత్తుకొస్తాడు. దానిని అమ్మి అన్నదానం చేయడు. పాలనకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా విక్టోరియా రాణికి కానుకగా పంపేస్తాడు. ఉన్నవారిని కొట్టి, అందరికన్నా ఉన్నావిడకు పెట్టాడన్న మాట. పరోపకారి రాఫిల్స్ అన్న బొమ్మ నిజానికి హాలీవుడ్‌ది. 1930లో రోనాల్డ్ కోల్మన్, 1939లో డేవిడ్ నివెన్ నటించిన చిత్రాలు రెండింటిలోనూ రాఫిల్స్ ప్రేమలో పడి దొంగతనం మానుకోబోతాడు, అప్పుల్లో మునిగిన బన్నీని కాపాడడానికే చివరిసారి దొంగతనానికి దిగుతాడు. మూలకథలో బన్నీ అప్పుల గోడు చెప్పుకోవడానికి వచ్చిన రాత్రి రాఫిల్స్ జేబు కూడా బన్నీ జేబంత ఖాళీగానే ఉంటుంది. రేడియో మీద నింద వేసేవారు సినిమాను చూసి, ఆ తప్పును నాటికకు అంటగడుతున్నారు.

నేరాన్ని కీర్తించారన్న మూడో మాటను ఇంత తేలికగా తోసిపుచ్చలేము, ఎందుకంటే ఆ మాట అన్నవారిలో మొదటివాడు సాక్షాత్తూ డాయలే. 1924లో వచ్చిన తన ఆత్మకథలో ఆయన ఆ కథల పనితనాన్ని మెచ్చుకుంటూనే, నేరస్థుణ్ని కథానాయకుణ్ని చేయకూడదని తాను ముందే హెచ్చరించినట్టు రాశారు. ఆ భయం అర్థమున్నదే. రాఫిల్స్ మాటకారితనానికి లొంగని పాఠకుడు అరుదు, ఆ మాటలు చెవిలో పడితే లొంగుబాటు ఇంకా తేలిక. కాని కథలు ఎక్కడికి చేరుతాయో కూడా చూడాలి. తొలి సంపుటి ముగిసేసరికి రాఫిల్స్ ఓడ మీంచి సముద్రంలోకి దూకుతాడు, బన్నీ జైలుకు పోతాడు. రెండో సంపుటి చివర దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో తూటా తగిలి రాఫిల్స్ చనిపోతాడు. 1944లో జార్జ్ ఆర్వెల్ ఈ కథల గురించి రాసిన వ్యాసంలో, రాఫిల్స్‌కు నీతి అంటూ ఏదీ లేదని, పెద్దమనిషి చేయదగినవి, చేయదగనివి అన్న కొన్ని కట్టుబాట్లు మాత్రమే ఉన్నాయని గుర్తించారు. అవి కూడా లేని తన కాలపు నేరకథలతో పోల్చి, ఈ మాత్రం గీత ఉండడమే మేలన్నట్టు మాట్లాడారు. నాకు ఆర్వెల్ మాటే సబబుగా తోస్తుంది.

నాలుగో మాటే అసలైనది. రేడియో నాటికకు ఒక పాత జబ్బు ఉన్న సంగతి ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ‘అదిగో, తలుపు తీస్తున్నాడు! చేతిలో కత్తి కూడా ఉంది!’ అంటూ కంటికి కనిపించే ప్రతిదాన్నీ పాత్ర నోట అనిపించడమే ఆ జబ్బు. ఒంటరి దొంగ కథను రేడియోకు ఎక్కిస్తే అది తప్పదు, పాపం తనతో తానే మాట్లాడుకోవాలి. హార్నంగ్ కథల్లో దొంగ ఒంటరివాడు కాడు. పక్కన ఏమీ తెలియని బన్నీ ఉన్నాడు, భయపడుతూ గుసగుసగా అడుగుతాడు, రాఫిల్స్ అంతకన్నా తగ్గుగొంతుతో జవాబిస్తాడు. వినేవారికి కావలసిన వివరమంతా ఆ రెండు గొంతుల మధ్యే సహజంగా దొరుకుతుంది.

తొలి కథనే దగ్గరగా చూడండి. పేకాటలో ఓడి, చెల్లని చెక్కులు ఇచ్చి, చావడానికి సిద్ధపడిన బన్నీ అర్ధరాత్రి దాటాక లండన్‌లో ఆల్బనీ అనే భవనంలోని రాఫిల్స్ గదికి తిరిగి వస్తాడు. స్నేహితుడి దగ్గర డబ్బు దొరుకుతుందంటూ రాఫిల్స్ అతణ్ని బాండ్ స్ట్రీట్ వైపు నడిపిస్తాడు. చీకటి ఇంట్లోకి అడుగుపెట్టాకనే ఇది స్నేహితుడి ఇల్లు కాదని, పక్కనున్న నగల దుకాణానికి దారి అని బన్నీకి తెలుస్తుంది. తరువాత రాఫిల్స్ తాళం చుట్టూ బరమాతో రంధ్రాలు తొలుస్తాడు, చప్పుడు రాకుండా నూనె వేస్తాడు. ఈ దృశ్యంలో కంటికి ఏముంది? చీకటి. చెవికి ఏముంది? చప్పుడు కాకూడదన్న ఆరాటమంతా ఉంది. వీధిలో ఒక అడుగు పడితే గుండె ఆగేది చూసేవాడికి కాదు, వినేవాడికే.

మాటలతో కన్నం వేయడం మనకు కొత్తా? మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందో తర్కించుకుంటాడు, కొలతాడు మరచిపోయానని గుర్తొచ్చి జంధ్యంతో కొలుచుకుంటాడు. ఆ రంగం రుచి గోడలో లేదు, గొంతులో ఉంది.

బీబీసీ నాటికల్లో రాఫిల్స్‌గా జెరెమీ క్లైడ్, బన్నీగా మైకేల్ కాక్రేన్ పలికారు. క్లైడ్ 1960లలో చాడ్ అండ్ జెరెమీ అన్న పాటల జంటలో సగం గనుక గొంతుతో పని చేయించుకోవడం అతడికి కొత్త కాదు. కాక్రేన్ ఆ తరువాత రేడియో 4లోనే దీర్ఘకాలంగా సాగుతున్న ది ఆర్చర్స్ నాటికలో ఆలివర్ స్టెర్లింగ్‌గా శ్రోతలకు అలవాటయ్యాడు. తొందర ఎరగని గొంతు ఒకటి, సర్దుకోలేని గొంతు ఒకటి పక్కపక్కన వినబడితే చాలు, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో వేరే చెప్పనక్కరలేదు. హార్నంగ్ వాక్యాల్లోని కొంటెతనం కొంత నాటికలో రాలిపోతుందన్న ఫిర్యాదుంటే దానికి తల వంచుతాను. పుస్తకం నుంచి ఏ రూపానికి మారినా కట్టవలసిన సుంకం అది.

చివరగా మారువేషాల సంగతి చూస్తే, అక్కడ రేడియోకు ఉన్న వెసులుబాటు సినిమాకు లేదు. వజ్రాల వ్యాపారి రోజెంతాల్ ఇంట్లో బన్నీ పట్టుబడితే ఒక పోలీసు వచ్చి అతణ్ని బయటికి తీసుకుపోతాడు, బయట పడ్డాక ఆ పోలీసే రాఫిల్స్ అని తెలుస్తుంది. జైలు నుంచి వచ్చిన బన్నీ పత్రికలో ప్రకటన చూసి, మంచాన పడ్డ మాట్యూరిన్ అనే ముసలాయనకు సేవ చేసే కొలువుకు వెళతాడు. సముద్రంలో పోయాడనుకున్న రాఫిల్సే ఆ ముసలాయన. తెర మీద అయితే గోడపత్రిక మీద చూసిన ముఖాన్ని తెల్లజుట్టు కింద ప్రేక్షకుడు మొదటి క్షణంలోనే పోల్చుకుంటాడు, బన్నీ మాత్రం ఇంకా తెలియనట్టు నిలబడి ఉంటాడు. రేడియోలో మంచం మీంచి నీరసమైన గొంతు ఒకటి వినబడుతుంది, అది ఎవరిదో బన్నీకి ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు.