దయచేసి ఈజిప్టు మీద కూర్చోండి

పరాయి దేశపు ప్రాచీన నాగరికతను ఎలా గౌరవించాలన్న ప్రశ్నకు సరైన జవాబు కనిపెట్టింది లండన్ నగరమే. దాని మీద కూర్చోవాలి.

నమ్మనివారు థేమ్స్ ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్‌కి వెళ్లి చూసుకోవచ్చు. అక్కడ 'క్లియోపాత్రా సూది' అనే 21 మీటర్ల గ్రానైటు స్తంభం ఉంది. చెక్కించింది మూడో తుత్‌మోస్ అనే ఈజిప్టు రాజు (ఫారో), అదీ క్లియోపాత్రా పుట్టడానికి దాదాపు 1,400 ఏళ్ల ముందు. అయినా తుత్‌మోస్ సూది అంటే చూడ్డానికి ఎవరొస్తారు? ఆ దగ్గర్లోనే పోత ఇనుము బెంచీలున్నాయి. కొన్నింటికి చేతులు ఆనించుకునే చోట సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న రెక్కల స్ఫింక్స్‌లు, కొన్నింటికి మోకాళ్లు మడిచిన ఒంటెలు. డిజైన్ జార్జ్ వల్లియామీ గారిది. తుత్‌మోస్ కాలపు ఈజిప్టులో ఒంటెల మీద తిరిగే అలవాటే లేదు, అది ఎన్నో శతాబ్దాల తర్వాతి ముచ్చట. ఇలాంటి చిల్లర అభ్యంతరాలు ఉన్నవాళ్లు నిలబడే ఉండొచ్చు.

సూదిని 1819లో బహుమతిగా ఇచ్చింది ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ. బ్రిటిష్ ప్రభుత్వం పుచ్చుకుంది గానీ, ప్రపంచమంతా ఓడలు తిప్పుతున్న ఆ ప్రభుత్వానికి దాన్ని తెచ్చే కిరాయి దగ్గర చెయ్యి ఆడలేదు. సుమారు 60 ఏళ్ల తర్వాత సర్ ఎరాస్మస్ విల్సన్ అనే చర్మవైద్యుడు సొంత డబ్బు ఇచ్చాడు. 1877లో ఇనుప గొట్టంలో పెట్టి లాక్కొస్తుంటే బిస్కే అఖాతంలో తుఫాను వచ్చి ఆరుగురు నావికులు పోయారు. వాళ్ల పేర్లు పీఠం మీద ఉన్నాయి. ఎగతాళికి అక్కడ చోటు లేదు.

1878లో నిలబెడుతూ, కింద ఒక రైల్వే గైడు, సిగార్ల పెట్టె, జడపిన్నులు, 12 మంది అందగత్తెల ఫోటోలు పాతిపెట్టారు. తుత్‌మోస్ ఆత్మ ఎప్పుడైనా దిగివస్తే రైలు టైముల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక కాపలాకు రెండు పెద్ద కంచు స్ఫింక్స్‌లు. కాపలావాళ్లు బయటికి చూడాలి, ఇవి సూదినే చూస్తుంటాయి. తిప్పి పెట్టేశారని గైడ్లు నవ్వుతారు. పాపం వాళ్లకు అర్థం కాలేదు. తెచ్చిన సొత్తు లేచి ఇంటికి పోకుండా చూడాలంటే ఏ వైపు చూడాలి మరి?

బెంచీల మీద కూర్చోవడం అలవాటయ్యాక దొరలకు అది చాల్లేదు. 1882లో సైన్యంతో వెళ్లి ఏకంగా ఈజిప్టులోనే కూర్చున్నారు. త్వరలో లేస్తామని ఎన్నోసార్లు మాట కూడా ఇచ్చారు. చివరి దళాలు లేచేసరికి 1956 జూన్ అయింది. నవంబరులో సూయెజ్ కాలువ దగ్గర మళ్లీ దిగారు, బస్సు సీటు మీద కర్చీఫ్ వేసి టీ తాగి వచ్చినవాళ్ల ధీమాతో. ఈజిప్టు అప్పటికే ఆ కర్చీఫ్ తీసి అవతల పారేసింది.