మేనల్లుడికి 1500డి కొనవచ్చునా? ఇద్దరు మేనమామల వాదోపవాదం

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగించుకున్న మేనల్లుడు తనకు ఒక కెమెరా కావాలని అడిగాడు. అతడు కోరుకున్నది కెనాన్ ఈఓఎస్ 1500డి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఈ డీఎస్ఎల్ఆర్‌ను (లోపలి అద్దం ద్వారా చూసి తీసే కెమెరాను) ఐరోపాలో 2000డి అనీ, అమెరికాలో రెబెల్ టీ7 అనీ అంటారు. మన వైపు మొదటిసారి కెమెరా కొనేవారి చేతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. 18 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే 18-55 లెన్సుతో కలిపి ధర నలభై వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. దానిని సొంత డబ్బుతో కొని వాడినవారు ఆ కుటుంబంలోనే ఇద్దరున్నారు. పెద్ద మేనమామ కైకలూరు దగ్గరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. చిన్న మేనమామ ఏలూరులో పెళ్ళి ఫోటోలు తీస్తాడు. అక్కయ్య నిర్ణయాన్ని వారిద్దరికే వదిలేసింది.

అన్న: తమ్ముడూ, నా మాట ముందే చెబుతున్నాను, వాడికి ఆ కెమెరా కొనిపెట్టాలి. నేను నాది కొన్నప్పుడు ఫోటోగ్రఫీ గురించి నాకు తెలిసినది పాఠ్యపుస్తకంలోని కటకాల అధ్యాయం మాత్రమే. దూరపు వస్తువులను దగ్గరగా చూపే 55-250 లెన్సు కూడా కలిసి వచ్చిన కిట్ తీసుకుని, చలికాలంలో ఒక ఉదయం ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి పడవ ఎక్కాను. నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి పైకి లేచి మా పడవ మీదుగా వెళ్ళింది. ఆ రోజు నేను తీసిన ఫోటోలో ముక్కు, కన్ను పరవాలేదనిపించాయి గాని రెక్కల చివర్లు తెల్లని పొగలా చెదిరిపోయాయి. షట్టర్ 1/250 దగ్గర, అంటే సెకనులో 250వ వంతు తెరుచుకునేలా ఉంది. మరుసటి ఆదివారం డయల్‌ను షట్టర్ వేగం మనమే ఎంచుకునే టీవీ గుర్తుకు తిప్పి, 1/1000 పెట్టి, వెలుతురును గ్రహించే శక్తిని సూచించే ఐఎస్ఓను 400కు పెంచి తీశాను. రెక్క చివరి నల్లని ఈకలు విడివిడిగా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. కారణం ఏమిటో, ఫలితం ఏమిటో నా వేలి కిందే తెలిసింది. ఫోను ఆ లెక్కంతా తనలో తానే వేసుకుని చివరి జవాబు ఒక్కటే చేతికిస్తుంది. లెక్క నేర్చుకోవలసిన వయసులో ఉన్నవాడికి జవాబు మాత్రమే ఇచ్చే పరికరం ఎందుకు?

తమ్ముడు: అన్నయ్యా, మీకు ఆ పక్షి మీద ఉన్న ప్రేమను నేను కాదనను. అయితే మీరు ఉదయపు ఎండలో వాడారు, నేను రాత్రి ముహూర్తాల్లో వాడాను. 2019లో ఈ కెమెరా కొన్నప్పుడు పెట్టె మీది 24.1 మెగాపిక్సెళ్ళ అంకె చూసి, ఇక నాకు లోటేమిటనుకున్నాను. మొదటి పెళ్ళి మన దగ్గరి బంధువులదే. పెరట్లో పందిరి, నాలుగు ట్యూబులైట్లు, తెల్లవారుజామున తలంబ్రాలు. 55 దగ్గరికి జూమ్ చేస్తే ఆ 18-55 లెన్సు ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది. ఐఎస్ఓ 6400 దాకా పెంచినా షట్టర్ 1/30 దగ్గరే ఆగింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెళ్ళికూతురి వేళ్ళు ఉండవలసిన చోట పసుపురంగు మరక ఒకటి ఉంది. తలంబ్రాల బియ్యం గింజలుగా కాక గీతలుగా పడింది, వరుడి తెల్ల చొక్కా మీద ఇసుక చల్లినట్టు నాయిస్. లెన్సులో వణుకును సరిదిద్దే ఐఎస్ ఉంది కదా అని ధైర్యంగా తీశాను. అది నా చేతి వణుకును ఆపగలదు గాని, అక్షింతలు వేసే చేతుల కదలికను ఎలా ఆపగలదు? ఆల్బం చూసి పెళ్ళికూతురి తల్లి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మౌనం నన్ను చాలాకాలం బాధించింది.

అన్న: ఆ తప్పు లెన్సుది, కెమెరాది కాదు. ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్సు పది వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే తొమ్మిది పైన వస్తుంది, అంటే దాదాపు పది రెట్ల వెలుతురు. నువ్వు 1/30 దగ్గర ఆగిపోయిన అదే పందిట్లో, అదే ఐఎస్ఓతో 1/250 సులభంగా అందేది. బియ్యం గింజలు గాలిలో నిలబడేవి.

తమ్ముడు: నిలబడేవి, కాదనను. నేను తర్వాత ఆ లెన్సు కొన్నాను కూడా. కాని ఈ కెమెరా సెన్సర్ చిన్నది కనుక 50 లెన్సు ఇందులో 80 లాగా చూస్తుంది. పందిట్లో నా వెనుక బ్యాండువాళ్ళు, ముందు పురోహితుడు, పక్కన వీడియో తీసే అబ్బాయి. వధూవరులిద్దరూ ఫ్రేములో పట్టాలంటే నేను వెనక్కి జరగాలి, జరగడానికి చోటు లేదు. పైగా 1.8 దగ్గర పెళ్ళికూతురి కన్ను షార్ప్‌గా వస్తే పక్కనే కూర్చున్న వరుడి ముఖం మసకగా వస్తుంది. అయినా నా అభ్యంతరం ఆ లెన్సు మీద కాదు. నలభై వేలు పెట్టి కొన్నవాడికి, ఆ నలభై వేలు గుమ్మం దాటడానికి మాత్రమేనని ఎవరూ చెప్పరు. తర్వాత లెన్సు, ఫ్లాష్, రెండో బ్యాటరీ, వేగంగా రాసుకునే కార్డు, తేమ తగలకుండా దాచే పెట్టె ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాకు కొత్త కార్డుతో పాటు ట్రిగ్గర్ (విడిగా నిలబెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) కూడా అమ్మిన దుకాణం పేరు ఇక్కడ అనవసరం గాని, జరిగింది మాత్రం చెప్పాలి. ఈ తరగతి కెమెరాల్లో కొన్నింటికి, నా దానితో సహా, హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో ఉండే పిన్ను లేదు. ఆ పిన్నుతోనే పనిచేసే మామూలు ట్రిగ్గర్లు, పాత ఫ్లాష్‌లు వీటి మీద వెలగవు. అది తెలిసి కూడా ఆ దుకాణంలో మామూలు ట్రిగ్గరే ఇచ్చారు. రిసెప్షన్ స్టేజీ మీద రెండు లైట్లు నిలబెట్టి బటన్ నొక్కితే ఒక్కటీ వెలగలేదు. తిరిగి తీసుకెళ్ళి అడిగితే సీలు తీసిన వస్తువు వాపసు తీసుకోబోమన్నారు.

అన్న: అది మోసమే. ఆ దుకాణం వారిని నేను సమర్థించను. కెమెరా కొనేవాడు హాట్ షూ వైపు ఒకసారి చూసుకోవాలన్న మాట కూడా ఒప్పుకుంటాను. అయితే నీ అనుభవమంతా పని చేసి డబ్బు తీసుకునేవాడి అనుభవం. మేనల్లుడు రేపు పెళ్ళిళ్ళు ఒప్పుకోడు. వాడికి కావలసింది నేర్చుకునేందుకు ఒక యంత్రం, ఇది అందుకు సరిపోతుంది. 24 మెగాపిక్సెళ్ళు ఊరికే పోయాయన్నట్టు మాట్లాడావు. నువ్వు ప్రింటు చేయించే 12×36 కరిజ్మా ఆల్బంలో ఒక పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400 కావాలి. ఈ కెమెరా 4000×6000 ఇస్తుంది. నిండు పేజీ ఫోటో వేసినా చుక్క తగ్గదు. ఇక బ్యాటరీ సంగతి. కంపెనీ లెక్క ప్రకారం ఒక చార్జింగ్‌కు 500 ఫోటోలు. కన్ను పెట్టి చూసే కిటికీలోకి అద్దం ద్వారా నేరుగా వెలుతురే వస్తుంది కనుక, గంటలకొద్దీ గూటి వైపు చూస్తూ కూర్చున్నా చార్జింగ్ పెద్దగా తగ్గదు. పడవలో అది ఎంత మేలో నాకు తెలుసు.

తమ్ముడు: అన్నయ్యా, ఆ పడవలోనే ఎగిరే పక్షిని ఎన్నిసార్లు తీస్తే ఎన్ని షార్ప్‌గా వచ్చాయో కూడా చెప్పండి.

అన్న: ఇరవై తీస్తే మూడో నాలుగో వస్తాయి. దాచవలసిన సంగతి కాదు. ఫోకస్ బిందువులు తొమ్మిదే, వాటిలో గట్టిగా నమ్మదగినది మధ్యలోది. సెకనుకు 3 ఫ్రేములే తీస్తుంది. అందుకే పక్షి రెక్క విప్పడానికి ముందు మెడను ఎలా వెనక్కి లాగుతుందో గమనించడం అలవాటు చేసుకున్నాను. ఆ మూడు ఫోటోల కోసం నేను పక్షిని చూడటం నేర్చుకున్నాను తమ్ముడూ. సెకనుకు 20 తీసే కెమెరా చేతికిచ్చి ఉంటే ఆ పని కెమెరాకే వదిలేసేవాణ్ణి.

తమ్ముడు: మీరు నేర్చుకున్నారు, ఎందుకంటే మీది ఓపిక ఉన్న మనసు. నేను నా దగ్గరకు కెమెరా పట్టుకుని వచ్చేవారిని చూస్తూ ఉంటాను. కొన్న మొదటి నెలలో వెనుక మసకగా ఉండే ఫోటోలు రావడం లేదని వస్తారు, ఆ మసక 18-55తో అంతగా రాదని వారికి ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలకు, ఫోనులోనే బాగా వస్తున్నాయంటూ అమ్మిపెట్టమని వస్తారు. ఏడాది తిరిగాక వచ్చేవారి లెన్సులను టార్చి వెలుగులో చూస్తే లోపల సాలెగూడు అల్లినట్టు ఫంగస్ ఉంటుంది. మన కోస్తా తేమలో బ్యాగుతో సహా బీరువాలో పెట్టి మరిచిపోయిన కెమెరాకు పట్టే గతి అది. ఇది కొన్నవారిలో చాలామంది అనుభవం మీది కాదు, నాది కూడా కాదు, ఆ బీరువాలోని బ్యాగుది. మేనల్లుడు ఏ కోవలోకి వస్తాడో తెలియకుండా అక్కయ్య చేత నలభై వేలు ఖర్చు పెట్టించడం నాకు నచ్చదు.

అన్న: ఆ మాట నన్ను కూడా ఆలోచింపజేస్తుంది. నా 55-250లో కూడా ఒక వానాకాలం అంచు దగ్గర ఫంగస్ మొదలైంది. అప్పటినుంచి మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచుతున్నాను. కాని బీరువాలోకి వెళ్ళిన ఆ కెమెరాల్లో ఎన్నింటి డయల్ ఒక్కసారైనా ఏ ప్లస్ అనే ఆటో గుర్తు దాటి తిరిగింది? ఆటోలోనే ఉంచి తీస్తే ఫోను తప్పకుండా గెలుస్తుంది. ఎందుకంటే చీకట్లో ఫోను ఒకటికి బదులు అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నాయిస్ తుడిచి ఇస్తుంది. గుడి గోపురాన్ని తీస్తే ఆ పద్ధతి అద్భుతంగా ఉంటుంది. కాని కదిలే మనిషిని తీస్తే ఒక ఫ్రేములో ఉన్న చెయ్యి మరో ఫ్రేములో ఉండదు, కలిపే చోట తడబడుతుంది. ఈ కెమెరా సెన్సర్ 22.3×14.9 మిల్లీమీటర్లు, ఫోను సెన్సర్ వైశాల్యానికి ఎన్నో రెట్లు. ఆ వైశాల్యం ఇచ్చే మేలు, రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫోటో) తీసి నీడల్లో దాగిన వివరాన్ని పైకి తెచ్చుకున్నవాడికే తెలుస్తుంది. నేర్పేవారు లేకపోవడాన్ని కెమెరా లోపంగా చెప్పవద్దు.

తమ్ముడు: నేర్పేందుకు మీరున్నారు, సరే. మరి రేపటి సంగతి? ఈ కెమెరా వచ్చిన 2018లోనే ఆ కంపెనీ అద్దం లేని కెమెరాల కోసం ఆర్ఎఫ్ అనే కొత్త మౌంట్ (లెన్సు బిగించే అమరిక) తెచ్చింది. 2023లో ఆ మౌంట్‌తోనే ఆర్100 అనే చవక కెమెరా కూడా వచ్చింది, అందులోనూ 24 మెగాపిక్సెళ్ళే. కొత్త లెన్సులన్నీ అటే వెళ్తున్నాయి. పైగా 1500డిలో వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే, 4కె లేదు. బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు. ఈ వయసు పిల్లలు ఫోటోతో ఆగరు, వీడియో అడుగుతారు. పాత దారిలో చివరి బండి ఎక్కించినట్టు అవుతుంది.

అన్న: వీడియో కోసమే అయితే నేనూ వద్దనే అంటాను, అక్కడ ఈ కెమెరా తరఫున నేను చెప్పగలిగింది ఏమీ లేదు. లెన్సుల మాటలో మాత్రం నీతో ఏకీభవించలేను. 1987 నుంచి పాత మౌంట్‌కు వచ్చిన ఈఎఫ్ లెన్సులన్నీ దీనికి తగులుతాయి. అందరూ కొత్త మౌంట్‌కు మారుతున్నారు కనుకనే ఆ పాత లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి. రేపు వాడు ఆర్ఎఫ్‌కు వెళ్ళినా అడాప్టర్‌తో అవే పనిచేస్తాయి. పరిమితంగా డబ్బున్న విద్యార్థికి అందరూ వదిలేసిన దారే చవక దారి.

తమ్ముడు: అలాగైతే కొత్తది ఎందుకు? ఇదే కెమెరా సెకండ్ హ్యాండ్‌లో తీసుకుందాం. నేను దగ్గరుండి చూస్తాను. లెన్సు వెనుక టార్చి పెట్టి ఫంగస్ చూస్తాను. ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని తీయించి, సెన్సర్ మీద దుమ్ము చుక్కలున్నాయేమో చూస్తాను. ఇందులో దుమ్మును తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు కనుక ఆ పరీక్ష తప్పనిసరి. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా అని సరిచూస్తాను. మిగిలిన డబ్బుతో 50 లెన్సు వస్తుంది.

అన్న: తప్పు చేస్తూ నేర్చుకోవలసినవాడికి వారంటీ లేని వస్తువు ఇవ్వడానికి నా మనసు ఒప్పదు.

తమ్ముడు: అయితే డబ్బు ఖర్చు కాకముందే ఒక పరీక్ష పెడదాం. వచ్చే శనివారం మన వీధి రామాలయంలో రాత్రి భజన ఉంది. మీ కెమెరాకు 18-55 మాత్రమే తగిలించి వాడి చేతికి ఇవ్వండి. తాళాలు వేసే చేతులు తీసుకురమ్మనండి. ఆ చేతులు మరకలుగా వస్తాయి, అది మనిద్దరికీ తెలుసు. మరునాడు వాడు ఇలా ఎందుకు వచ్చిందని అడిగితే కొందాం, కొత్తదే కొందాం. ఫోనులోనే బాగుందని తిరిగి ఇచ్చేస్తే అక్కయ్య డబ్బు మిగులుతుంది.

అన్న: ఒక్క రాత్రితో తేల్చడం న్యాయం కాదు. ఆదివారం తెల్లవారుజామున వాణ్ణి నేను ఆటపాక తీసుకెళ్తాను, 55-250 కూడా ఇస్తాను. రెండూ చూశాక ఏమడుగుతాడో ఇద్దరం విందాం. బ్యాటరీ శుక్రవారం రాత్రే చార్జింగ్‌లో పెడతాను. డయల్‌ను మాత్రం ఏ ప్లస్ మీద ఉంచి ఇవ్వను.