‘లాస్ట్’లో అందరూ మొదట్లోనే చచ్చిపోయారట! పెన్నీ ఏ విమానంలో పోయింది మరి?

పర్లాకిమిడిలో మా తాతయ్య సంవత్సరీకం నాడు మొదలైన గొడవ ఇది. భోజనాలయ్యాయి, పురోహితుడు గారు వెళ్లిపోయారు, కరెంటు పోయింది. వరండాలో చాపలు పరుచుకుని తలో దిక్కూ పడుకున్నాం. ఏటి అవతల పాతపట్నం నుంచి వచ్చిన మా బావ ఫోన్ తీసి ఒక మెసేజ్ పైకి చదివాడు. మీకూ వచ్చే ఉంటుంది. ‘లాస్ట్’ సీరియల్ ఎవరూ చూడొద్దు, విమానం కూలినప్పుడే అందరూ చచ్చిపోయారు, ఆ దీవి స్వర్గానికీ నరకానికీ మధ్య వెయిటింగ్ రూమ్, ఆరు సీజన్లూ చచ్చినవాళ్ల భ్రమ, చివరి ఎపిసోడ్‌లో ఆ సంగతి వాళ్లే ఒప్పుకున్నారు. ఇదీ దాని సారం. కింద ఐదు రుజువులు.

“చూసావేటి, నీ సీరియల్ బాగోతం?” అన్నాడు బావ. “ఆరేళ్లు తిప్పి తిప్పి చివరికి ఏటి చెప్పారు? అందరూ పోయారని. ఆ ముక్క మొదటి రోజే చెప్పేస్తే ఎవరి పని వాళ్లు చూసుకునేవారు కదా!”

బావ ఆ సీరియల్ ఒకటిన్నర సీజన్ చూసి వదిలేశాడు. తర్వాత ఎవరో చెబితే చివరి ఎపిసోడ్ ఒక్కటీ చూశాడు. ఈ మెసేజ్ పంపేవాళ్లలో సగానికి సగం బావలాంటివాళ్లేనని నా అనుమానం. ఆ రోజు చాప మీద సగం చెప్పాను, మిగతా సగం బావ గురకలో కలిసిపోయింది. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు, చూసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోండి. కింద ఏదీ దాచడం లేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో 2004 సెప్టెంబరు 22న మొదలై, 2010 మే 23న ముగిసింది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే ఓషియానిక్ 815 విమానం ఒక దీవి మీద కూలుతుంది. జాక్ అనే డాక్టరు, కేట్, హర్లీ లాంటి బతికి బయటపడ్డవాళ్ల కథ అది. ఆరో సీజన్‌కి వచ్చేసరికి దీవి కథ పక్కనే ఇంకో లోకం చూపిస్తారు. ఆ లోకంలో విమానం కూలదు, క్షేమంగా దిగుతుంది. ఆ రెండో లోకం, చనిపోయినవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని కలుసుకునే చోటని చివరి ఎపిసోడ్‌లో, వాళ్లంతా ఒక చర్చిలో చేరినప్పుడు తేలుతుంది. గందరగోళమంతా ఇక్కడే పుట్టింది. రెండో లోకం గురించి చెప్పిన మాటని తీసుకెళ్లి దీవికి అంటగట్టారు.

ఇక రుజువుల సంగతి.

“చర్చిలో జాక్‌కి చచ్చిపోయిన తండ్రి కనబడి నువ్వూ పోయావంటాడు. అక్కడ కూర్చున్నవాళ్లంతా పోయినవాళ్లే. కాబట్టి అందరూ విమానంలోనే పోయారు.”

మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోది ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. అదే సీన్‌లో, అదే తండ్రి, నీకు జరిగిందంతా నిజమేనని జాక్‌కి చెబుతాడు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్లే, వీళ్లలో కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నీ తర్వాత చాలాకాలానికి పోయారు అంటాడు. మరి అందరూ ఇప్పుడు ఇక్కడే ఎందుకున్నారని జాక్ అడిగితే, ఇక్కడ ‘ఇప్పుడు’ అనేదే లేదంటాడు. ఒక తండ్రి కొడుక్కి ఇంతకన్నా విడమరిచి ఏం చెబుతాడు? ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు ఒకపక్క బళ్లో పాఠాలు చెబుతూనే, సవరలు ఏ మాట ఎలా అంటున్నారో విని విని వాళ్ల భాష నేర్చుకున్నారు. మనమేమో కింద సబ్‌టైటిల్ పడుతున్న రెండు వాక్యాలు కూడా పూర్తిగా వినకుండా తీర్పు ఇచ్చేస్తున్నాం.

పోనీ ఆ చర్చిలో ఎవరెవరున్నారో లెక్క చూడండి. డెస్మండ్ ఉన్నాడు. అతను అసలు ఆ విమానం ఎక్కలేదు, మూడేళ్ల ముందే తెరచాప పడవలో వచ్చి దీవిలో చిక్కుకుపోయాడు. జూలియెట్ ఉంది. ఆమె అంతకుముందే జలాంతర్గామిలో వచ్చిన డాక్టరు. డెస్మండ్ పక్కన అతను ప్రేమించిన పెన్నీ ఉంది. పెన్నీ విమానం ఎక్కలేదు సరికదా, దీవి మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

“పెన్నీ ఏ విమానంలో పోయింది బావా?” అని అడిగాను.

“పెన్నీ ఎవరు?” అన్నాడు.

చర్చి బయట ఇంకో సీన్ ఉంది. విమానం కూలకముందునుంచీ దీవిలో ఉన్నవాళ్లకి నాయకుడైన బెన్ లోపలికి రానంటూ బల్ల మీద కూర్చుంటాడు. హర్లీ వచ్చి, నువ్వు మంచి నంబర్ టూ అంటాడు. నువ్వు గొప్ప నంబర్ వన్ అంటాడు బెన్. జాక్ పోయాక వాళ్లిద్దరూ దీవిని చాలాకాలం చూసుకున్నారని ఆ రెండు మాటల్లో తెలుస్తుంది. కేట్ జాక్‌ని చూసి, నువ్వు లేక ఎంత బెంగపడ్డానో అంటుంది. అందరూ ఒకే క్షణంలో పోయి ఉంటే ఎవరి కోసం ఎవరు బెంగపడాలి?

మనవాళ్లకి ఈ ముగింపు అర్థం కాకపోవడమే నాకు వింతగా ఉంటుంది. భారతంలో అభిమన్యుడు పదమూడో రోజు యుద్ధంలో పోయాడు, కర్ణుడు పదిహేడో రోజు. పాండవులు ఆ తర్వాత ముప్ఫయ్యారేళ్లు రాజ్యం ఏలి, మహాప్రస్థానానికి బయల్దేరి, దారిలో ద్రౌపదితో మొదలుపెట్టి ఒక్కొక్కరే పడిపోయారు. చివరికి ధర్మరాజు పైకి వెళ్లేసరికి అందరూ అక్కడే ఉన్నారు. అంతమాత్రాన కురుక్షేత్రం జరగలేదని, అదంతా స్వర్గంలో కూర్చుని కన్న కలని ఎవరైనా అన్నారా? హరికథ చెప్పేవాడు అలా అంటే తాంబూలం కూడా ఇవ్వకుండా పంపేస్తారు. ఆశ్రమవాస పర్వంలో ఇంకా విచిత్రం ఉంది. వ్యాసుడు ఒక్క రాత్రికి గంగలోంచి చచ్చిన వీరులందరినీ రప్పిస్తాడు. వాళ్లొచ్చి తమ వాళ్లతో తెల్లార్లూ గడిపి వెళ్లిపోతారు. ‘లాస్ట్’ రాసినవాళ్లు అది చదివారని నేననడం లేదు. ఇలాంటి కలయికలు మన చెవికి కొత్త కాదంటున్నాను, అంతే.

“ఎండ్ టైటిల్స్‌లో సముద్రం ఒడ్డున విమానం శకలాలే చూపించారు. ఒక్క మనిషి లేడు. ఎవరూ బతకలేదని అర్థం.”

ఈ రుజువుకి మాత్రం కొంత జాలిపడాలి, ఎందుకంటే తప్పు చూసినవాళ్లది కాదు. ఆ షాట్లు కథలో భాగం కావు. జాక్ కన్ను మూసుకున్న వెంటనే ప్రకటన వచ్చి పడితే బాగుండదని, ఊపిరి పీల్చుకోవడానికి కాస్త వ్యవధి కోసం ఛానెల్ వాళ్లు మిగిలిన ఫుటేజ్ అక్కడ అతికించారు. అది ఇంత తలనొప్పి తెస్తుందని ఎవరూ అనుకోలేదు. 2014లో పదేళ్ల సందర్భంగా హాలీవుడ్‌లో అందరూ కలిసినప్పుడు, సీరియల్ నడిపిన ఇద్దరిలో ఒకరైన కార్ల్‌టన్ క్యూజ్ ఇదే చెప్పి, వాళ్లు మొదటినుంచీ చచ్చిపోయిలేరని తెగేసి చెప్పాడు.

ఆయన చెప్పకపోయినా ఆ షాట్ ఏం రుజువు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిన మర్నాడు మా పెరడు ఫొటో తీశాను. పడిపోయిన మునగచెట్టు, ఎక్కడినుంచో ఎగిరొచ్చిన రేకులు, బోర్లాపడ్డ తొట్టి. ఫొటోలో పురుగు కూడా లేదు. అందరం వెనక పెద్దమ్మ వాళ్లింట్లో ఉప్మా తింటున్నాం.

“పొగ రాక్షసుడు, అడవిలో ధ్రువపు ఎలుగుబంట్లు, కుర్చీలోంచి లేవలేని లాక్ లేచి నడవడం. భూమ్మీద ఇవి జరగవు. కాబట్టి అది పరలోకం.”

జరగవు, నిజమే. సైన్స్ ఫిక్షన్ అంటారు దాన్ని. ఎలుగుబంట్లని, ఒకప్పుడు దీవిలో పరిశోధనలు చేసిన ధర్మా సంస్థవాళ్లు ప్రయోగాల కోసం తెచ్చి బోనుల్లో పెట్టారని సీరియల్‌లోనే ఉంది. 2010లో డీవీడీతో ఇచ్చిన పన్నెండు నిమిషాల అనుబంధంలో మళ్లీ విప్పి చెప్పారు కూడా. ఇక సీరియల్ పొడుగునా మళ్లీ మళ్లీ వచ్చే ఆ నంబర్లు 4, 8, 15, 16, 23, 42. కలిపితే 108. అష్టోత్తరం కాబట్టి మోక్షానికి సంకేతమని మెసేజ్‌లో ఒక ముక్క ఉంది. 108 మన దగ్గర అంబులెన్స్ నంబరు కూడా. ఎవరికైనా 108కి ఫోన్ చేశారంటే ఆ మనిషికి ఇంకా ప్రాణం ఉన్నట్టే లెక్క. చర్చి అద్దంలో ఓంకారం ఉందన్నదీ నిజమే. దాని పక్కన శిలువ, నెలవంక, ధర్మచక్రం కూడా ఉన్నాయి. కానీ ఆ కిటికీ ఉన్నది రెండో లోకంలో, దీవిలో కాదు.

దీవిలో ఉన్నవాళ్లంతా చచ్చినవాళ్లే అనుకుంటే మిగిలే చిక్కులు చూడండి. మొదటి సీజన్‌లో ఒకే రాత్రి బూన్ చనిపోతాడు, క్లేర్‌కి ఏరన్ పుడతాడు. చచ్చినవాడు మళ్లీ చావడం ఏమిటి, చచ్చినామెకి పురుడు రావడం ఏమిటి? సన్‌కి కడుపు దీవిలో వచ్చింది, కూతురు పుట్టింది సియోల్ ఆసుపత్రిలో. ఆ పిల్ల సంగతేమిటి? హర్లీకి చనిపోయినవాళ్లు కనిపిస్తారు. అందరూ చనిపోయినవాళ్లే అయితే అదొక విద్యా? మైకేల్ పోయాక ప్రేతంగా దీవిలోనే ఇరుక్కుపోయి, అడవిలో వినిపించే గుసగుసలు తనలాంటివాళ్లవేనని హర్లీకి చెబుతాడు. అంటే ఎవరు బతికున్నారో ఎవరు పోయారో దీవికే తేడా తెలుసు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన సాక్ష్యం ఒక వెంట్రుక. రిచర్డ్ 1867లో ఓడలో వచ్చినవాడు. అప్పటినుంచీ వయసు పెరగలేదు. చివరి ఎపిసోడ్‌లో మైల్స్ అతని తలలో ఒక తెల్ల వెంట్రుక చూసి పీకి చూపిస్తాడు. నూటనలభై ఏళ్లకి మొదటి నెరిసిన వెంట్రుక. చావాలని తిరిగినవాడు అది చూసి, నాకు బతకాలనుంది అంటాడు. బతికి ఉన్నవాడికే కదా తల నెరిసేది. తర్వాత అతను, కేట్, సాయర్, క్లేర్, మైల్స్, పైలట్ లపీడస్ ఆరుగురూ విమానంలో ఎగిరిపోతారు. కింద వెదురు పొదల్లో పొట్టలో కత్తిపోటుతో పడుకున్న జాక్ ఆ విమానాన్ని చూసి నవ్వి కన్ను మూస్తాడు. సీరియల్ మొదటి షాట్ అతను అదే చోట కన్ను తెరవడం. చనిపోయేది అక్కడ, అప్పుడు, అతనొక్కడు.

“ప్రేక్షకులు మొదటి సీజన్‌లోనే కనిపెట్టేశారని కథ మార్చేశారు” అన్నది నాలుగోది. దీనికి రుజువు చూపించినవాళ్లని నేను చూడలేదు. ఇది పరలోకం కాదని రాసేవాళ్లు మొదటి సీజన్ రోజులనుంచే చెబుతూ వచ్చారు. కథ 2010లో ముగుస్తుందని 2007లోనే ప్రకటించారు కూడా. ప్రతి ముడీ ముందే వేసుకున్నారని మాత్రం నేను వాదించను. కొన్ని ముళ్లు వేసి మర్చిపోయారని ఐదో సీజన్‌లో పడవల మధ్య కాల్పులు చూసినవాళ్లకి తెలుసు. ఎవరు కాల్చారో ఇప్పటికీ తెలియదు.

ఐదోది రుజువు కాదు, తిట్టు. ముగింపు చెత్త అని. ఇక్కడ నాకు పెద్ద పేచీ లేదు. ఆరో సీజన్‌లో సగం పక్కలోకానికే ఖర్చయిపోయింది. మైకేల్ కొడుకు వాల్ట్ విషయం డీవీడీ అనుబంధం దాకా తోసేశారు. సయీద్ సీరియల్ పొడుగునా నాడియా నాడియా అని వెతికి, చివరికి చర్చిలో షానన్ పక్కన కూర్చున్నాడు. అది నాకూ మింగుడుపడలేదు. ఈ మాటలంటూ తిట్టండి, పక్కన నేనూ కూర్చుంటాను. జరగని ముగింపుని తిడితే మాత్రం కూర్చోను.

ఇదంతా నేను బావకి చెబుతుంటే పెద్దత్తయ్య గడప దగ్గర కూర్చుని మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వింటోందని కూడా నాకు తెలియదు. జాక్ పడుకున్నచోటికి విన్సెంట్ అనే కుక్క వచ్చి పక్కన పడుకుంటుందని చెప్పినప్పుడు తల ఎత్తింది.

“అతను పోయాడన్నావు. మిగతావాళ్లు విమానంలో వెళ్లిపోయారన్నావు. మరి ఆ కుక్కకి ఎవరు అన్నం పెడతార్రా?”

“రోజ్, బెర్నార్డ్ అని పెద్దవాళ్లు మొగుడూ పెళ్లాం ఉన్నారత్తయ్యా. వాళ్లు దీవిలోనే గుడిసె కట్టుకుని ఉండిపోయారు. అది వాళ్లింట్లోనే ఉంటుంది.”

“అయితే సరే” అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. బావ అప్పటికే నిద్రపోయాడు.