సర్టిఫికెట్ అడగని రక్షణ కావాలి

గాంధీ ఆసుపత్రిలోనో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు తీసుకుని, డబ్బా మీది లేబుల్ చింపేసి ఇంటికెళ్లేవాళ్లు మన హైదరాబాద్‌లో ఉన్నారు. రోజూ మందు వేసుకుని, రక్తపరీక్షలో వైరస్ దొరకనంతగా తగ్గి అలాగే ఉంటే లైంగికంగా వాళ్ల నుంచి ఇంకొకరికి సోకదు. ఉద్యోగం చేస్తారు, పిల్లల్ని పెంచుకుంటారు. అయినా సంగతి బయటపడితే ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఆపరేషన్ వాయిదా పడుతూనే ఉంటుంది.

మరి వికలాంగుల చట్టం వీళ్లను కాపాడాలంటే, వీళ్లకున్న వైకల్యం ఏమిటి? 1998లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న ఇదే. పుచ్చిన పన్ను చూపించుకోవడానికి వెళ్లిన సిడ్నీ అబాట్‌కు తన క్లినిక్‌లో వైద్యం చేయనన్నాడు డెంటిస్టు. ఆమెకు లక్షణాలేవీ లేవు. అయినా అక్కడి వికలాంగుల హక్కుల చట్టం పరిధిలోకి హెచ్‌ఐవీ వస్తుందని కోర్టు తేల్చింది. బ్రిటన్‌లోనైతే వైరస్ ఉందని తేలిన రోజు నుంచే ఆ రక్షణ ఉంటుంది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏమంటోంది? దీర్ఘకాల లోపానికి సమాజంలోని అడ్డంకులు తోడై నలుగురితో సమానంగా బతకనివ్వకపోతే అది వైకల్యమే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల బతుకును ఇంత దగ్గరగా పట్టుకున్న మాట నాకు ఇంకెక్కడా కనపడలేదు. కానీ షెడ్యూల్లోని 21 వైకల్యాల్లో హెచ్‌ఐవీ లేదు. తలసేమియా, హీమోఫీలియా ఉన్నాయి. అవీ రక్తానికి సంబంధించినవే కదా!

జాబితాలో చేర్చేస్తే సరిపోతుందా? నాకలా అనిపించదు. చేరిస్తే వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపు, క్యూ, వైకల్యం ఎంత శాతమన్న లెక్క వస్తాయి. ఇంటి ఓనర్ భయాన్ని ఏ డాక్టరు ఎన్ని శాతమని రాస్తాడు? పైగా గుట్టుగా బతికే మనిషిని క్యూలో నిలబెట్టడమే పెద్ద టెన్షన్. రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి సరే, వివక్ష చూపొద్దనడానికి శాతమెందుకు? నిర్వచనాన్నే పట్టుకుని మన లాయర్లు వాదించాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదన్న రక్షణ ఆ చట్టంలో ఉంది. హెచ్‌ఐవీ ఉందని కానిస్టేబుల్ ఉద్యోగం నిరాకరించడం చెల్లదని ఉమ్మడి రాష్ట్రంలో మన హైకోర్టు ఏనాడో చెప్పింది కూడా.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టాన్నీ దీనికి జతచేయాలి. దాని కింద మారుపేరుతో కేసు నడపమని కోర్టును కోరవచ్చు. అంబుడ్స్‌మన్ (ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారి) 30 రోజుల్లో, వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంత వరకు 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలో, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ అధికారి ఎవరో రిసెప్షన్‌లో అడిగి చూడండి.