మహారాజశ్రీ హెలికాప్టర్ గారి సముఖానికి

మహారాజశ్రీ 450 సైజు రిమోట్ హెలికాప్టర్ గారికి,

తమరి సేవకుడు రాసుకునే విన్నపం. తమరు పెట్టెలోంచి బయటికొచ్చినప్పటి నుంచి మా డైనింగ్ టేబుల్ మీద ఎవరూ భోంచేయడం లేదు. అక్కడ తమరి స్క్రూలు, హెక్స్ డ్రైవర్లు, స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే నీలం జిగురు, అంటే థ్రెడ్‌లాక్ సీసా కొలువుతీరి ఉన్నాయి. ఆ నీలం చుక్క వేయకుండా ఇనుప స్క్రూ బిగిస్తే, తమరు గాల్లో వణికి వణికి దాన్ని ఊడదీస్తారని విన్నాం.

తమరి దూరపు చుట్టం డ్రోన్ అయితే, నేను రిమోట్ మీంచి చేతులు తీసేసినా జీపీఎస్ పట్టుకుని ఉన్నచోటే నిలబడుతుంది. పెళ్ళి వీడియోలు తీసి నాలుగు డబ్బులు కూడా తెస్తుంది. తమరు ఊరికే నిలబడటానికి కూడా నా బొటనవేళ్ళకు క్షణం తీరిక ఉండకూడదు. గ్రౌండ్‌లో వాకింగ్‌కి వచ్చే పెద్దాయన "కెమెరా ఉందా బాబూ?" అంటాడు. లేదంటే "మరెందుకూ?" అంటాడు. దానికి జవాబు తమరే చెప్పాలి.

1970 ప్రాంతంలో జర్మనీలో డీటర్ ష్లూటర్ గారు తమరి పూర్వీకులను ఎగరేసిన కాలంలో తోకను పట్టి ఉంచే గైరో కూడా లేదు. ఇప్పుడు గైరో ఉంది, తమరి పొగరు మాత్రం అలాగే ఉంది. తోక నావైపు ఉన్నంతసేపూ తమరంత బుద్ధిమంతులు లేరు. ముక్కు ఇటు తిరిగిందా, కుడికి నెట్టితే ఎడమకు పోతారు, ముందుకు తోస్తే మీదికొస్తారు. రెక్కల కొసలు గంటకు 300 కిలోమీటర్లకు పైగా తిరుగుతూ మీదికొస్తుంటే టెన్షన్ పడకుండా ఎవడు ఆలోచిస్తాడు? పోనీ భయపడి నేలకు అరడుగు ఎత్తులో ఉంచితే, తమరి గాలే నేలకు కొట్టుకుని తిరిగొచ్చి తమరిని ఊపేస్తుంది. నడుము ఎత్తుకు లేపితే కుదురుగా నిలబడతారు. భయపడేవాణ్ణే భయపెట్టే ఈ బుద్ధి ఎక్కడిది?

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ పెట్టుకోమంటారు. అందులో తమరు ఎన్నిసార్లు కూలినా ఒక్క బటన్‌తో లేచి కూర్చుంటారు. తమరికిది గిట్టదని తెలుసు. విడిభాగాలు అమ్ముడుపోవు కదా!

ఇక తమరు నిజంగా పడ్డప్పటి వైభోగం. రెక్కలను పట్టి ఉంచే సన్నటి కడ్డీ, అదే స్పిండిల్, వంగుతుంది, మెయిన్ షాఫ్ట్ వంగుతుంది, తోక గొట్టం సొట్టపోతుంది, మెయిన్ గేర్ పళ్ళు రాలతాయి. ఆ గేర్‌ను ప్లాస్టిక్‌తో చేయడం ఒక్కటే తమరు మాపై చూపిన దయ. చవకది పోయి ఖరీదైనవాటిని కొంతైనా కాపాడుతుంది. పడబోతున్నారని తెలియగానే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసి మోటారు ఆపాలి. కానీ తమరిని ఎలాగోలా నిలబెడదామన్న ఆశ వేలిని ఆ స్విచ్ దాకా పోనివ్వదు. మోటారు తిరుగుతుండగా నేలను తాకితే బిల్లు ఇంకా పెరుగుతుంది. పైగా కొద్దిగా వంగిన స్పిండిల్ కంటికి ఆనదు. పాతకాలం పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నడిపించి చూసినట్టు, దాన్ని గాజుపలక మీద దొర్లించి చూడాలి.

తమరి భోజనం సంగతి మరీ ఘోరం. గంటసేపు ఛార్జింగ్ పెడితే ఎగిరేది ఐదు నిమిషాలు. వానొచ్చి ఎగరకపోతే, నిండా తాగిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఇంటికొచ్చి సెల్‌కు 3.8 వోల్టులకు దించాలి. దించకుండా రోజుల తరబడి వదిలేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జర్‌కు తగిలించడమంటే ఇంటికి నిప్పు తెచ్చుకోవడమే.

కనుక ఈ ఆదివారం ముక్కు నావైపు పెట్టి ఒక్క నిమిషం కదలకుండా నిలబడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి డ్రైవరు, మెకానిక్కు, ఖజానాదారు

తా.క.: డల్లాస్ నుంచి వస్తున్న బావగారికి తమరి స్పిండిళ్ళు, గేర్లు తెమ్మని చెప్పాను. చెల్లెలి చీరల పక్కన వాటికి చోటు దొరికింది. లైపో మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు కాబట్టి తేనన్నాడు.