మ్యాన్‌హోల్ మీద కారు

హైదరాబాద్ గల్లీల్లో చాలా గేట్ల మీద ఒక బోర్డు వేలాడుతుంటుంది: ‘గేటు ముందు బండి పెట్టరాదు. పెడితే టైర్లలో గాలి తీయబడును’. చట్టంలో లేని ఈ శిక్షకు జనం బాగానే భయపడతారు, గేటు ముందు జాగా ఖాళీగానే ఉంటుంది. ఆ గేటుకు నాలుగడుగుల దూరంలో ఉన్న మ్యాన్‌హోల్ మూతను మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాని మీద రాత్రి పెట్టిన కారు తెల్లారినా అక్కడే ఉంటుంది. కొన్నయితే నెలల తరబడి కవర్ కప్పుకుని, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టుకుని ఉంటాయి. కొడుకు అమెరికా వెళ్తూ వదిలిన కారని పక్కింటివాళ్లు చెబుతారు. తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకూ తెలియదు.

డ్రైనేజీ పొంగిందని 155313కు ఫోన్ చేస్తే జలమండలి (నగర మంచినీటి, మురుగునీటి బోర్డు) నుంచి పూడిక తీసే ఎయిర్‌టెక్ యంత్రం వస్తుంది. సిబ్బంది దిగి చూస్తే మూత కారు కింద ఉంటుంది. హారన్ కొడతారు, వాచ్‌మన్‌ను అడుగుతారు, రెండు గేట్లు తడతారు. కారు యజమాని ఆఫీసుకు మెట్రోలో వెళ్లి ఉంటాడు. వాళ్ల చేతిలో ఇంకా బోలెడు ఫిర్యాదులుంటాయి కాబట్టి యంత్రం మరో బస్తీకి వెళ్లిపోతుంది. మురుగు మాత్రం ఎక్కడికీ పోదు. పల్లంలో ఉన్న ఇంటి బాత్‌రూమ్‌లోకి ఎదురు తన్నుతుంది, ఖర్మ కాలితే తాగునీటి సంపులోకీ చేరుతుంది. కారు ఒకరిది, కంపు మరొకరికి.

పక్క మ్యాన్‌హోల్ నుంచి పని చేయొచ్చు కదా అంటారు. అన్నిసార్లూ కుదరదు. పల్లం వైపు మ్యాన్‌హోల్ నుంచి గొట్టాన్ని ఎగువకు పంపి, నీటి ఒత్తిడితో పూడికను వెనక్కి లాగడం ఈ యంత్రం పని తీరు. అసలు కావలసిన మూతే మూసుకుపోతే ఎంత పెద్ద యంత్రం తెచ్చినా దండగ. పెద్ద బండ్లు ఇరుకు గల్లీల్లోకి పోలేవనే జలమండలి 2017లో 70 మినీ జెట్టింగ్ యంత్రాలను దించింది. గల్లీకి తగ్గట్టు యంత్రాన్ని కుదించగలిగారు. కారు కింది మూతను తెరిచే యంత్రం ఎక్కడ దొరుకుతుంది?

కంపు కన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. యంత్రం రాలేదన్న చిరాకులో కాలనీవాళ్లు ప్రైవేటు మనిషిని పిలుస్తారు. కారు కింద సగం తెరుచుకున్న మూతలోంచో, పక్క గుంతలోంచో వెదురు బద్దతో పొడుస్తూ అతను లోపలికి దిగుతాడు. కింద హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు. మనిషిని ఇలా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మురుగు కాలువల్లో ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. అంతకు ముందు ఆ మొత్తం 10 లక్షలు. యంత్రానికి దారి మూసేసిన కారు యజమాని పేరు ఇలాంటి కేసుల్లో ఎక్కడా కనపడదు. అతను ఎవరినీ దిగమని చెప్పలేదు కదా!

మరి ఆ కారును తీయించే అధికారం ఎవరికుంది? మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధించిన చోట ఉన్నా, బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆ పైన ఎవరూ లేకుండా వదిలేసినా యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతితో లాగించవచ్చు. ఆ ఖర్చు యజమానిదే. దారికి అడ్డంకి కల్పిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5 వేల దాకా జరిమానా కూడా ఉంది. చిక్కు ఎక్కడంటే, గల్లీల్లో చాలా చోట్ల పార్కింగ్ నిషేధమని ఎవరూ ప్రకటించలేదు. పొద్దున పెట్టి సాయంత్రం తీసేసే కారు 10 గంటల లెక్కకు అందదు. ట్రాఫిక్ పోలీసుల క్రేన్లు మెయిన్ రోడ్లు దాటి లోపలికి రావడం అరుదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికొచ్చే కరెంటు లైన్‌మన్‌కు గానీ మురుగు సిబ్బందికి గానీ కారును ముట్టుకునే హక్కు లేదు. ఓ గీత పడితే గొడవ వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

అందుకే మేం అడుగుతున్నది కొత్త చట్టం కాదు. మ్యాన్‌హోళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, నీటి వాల్వ్‌ల చుట్టూ పసుపు రంగు గీసి, ఆ జాగాను నిషిద్ధ పార్కింగ్‌గా అధికారికంగా ప్రకటించాలి. అప్పుడు 127వ సెక్షన్‌కు 10 గంటలు ఆగాల్సిన పని ఉండదు. సిబ్బంది నుంచి ఫోన్ వెళ్లగానే స్థానిక ఠాణా స్పందించేలా ఒక ఏర్పాటు ఉండాలి. నంబరు ప్లేటును బట్టి యజమానిని పట్టుకోవడం పోలీసులకు నిమిషాల పని. చలానా కోసం రోజూ చేస్తున్నదే. బండిని లాగాల్సి వస్తే నాలుగు చక్రాల కిందా చిన్న ట్రాలీలు పెట్టి గీత పడకుండా పక్కకు జరపొచ్చు.

శాఖలూ తమ వంతు తప్పు ఒప్పుకోవాలి. ముందే ఖరారైన పూడికతీతకు కూడా వీధిలో ఒక్క ముక్క చెప్పరు. పొద్దున్నే బండి తెచ్చి, కారు ఎందుకు తీయలేదని కసురుకుంటారు. ముందు రోజు సాయంత్రం గల్లీ మొదట్లో ఒక బోర్డు, కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చాలు. తీసిన మట్టిని రోజుల తరబడి రోడ్డు మీదే కుప్పపోసి, పార్కింగ్ జాగాను ఇంకా ఇరుకు చేయడమూ మానాలి. కార్ల కోసం వదలాల్సిన సెల్లార్లు, స్టిల్ట్ ఫ్లోర్లు దుకాణాలుగా, గదులుగా మారుతుంటే కళ్లు మూసుకున్న మున్సిపల్ అధికారులు ఇప్పుడు కారు యజమానులకే నీతులు చెబితే వినేదెవరు? జపాన్‌లో చాలా ప్రాంతాల్లో పార్కింగ్ జాగా చూపిస్తేనే కారు రిజిస్టర్ అవుతుంది. మన దగ్గర అంతదాకా వెళ్లే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉందో చూడాలి.

కారు అద్దం లోపల ఫోన్ నంబరు పెట్టమని కొందరు సలహా ఇస్తున్నారు. మంచిదే. మహిళలకు అది ఇబ్బందే కాబట్టి ఫ్లాట్ నంబరో, వాచ్‌మన్ నంబరో రాసినా సరిపోతుంది. ఊరెళ్లేవారు తాళం ఎవరికైనా ఇచ్చి వెళ్లాలి. 155313కు ఫిర్యాదు వచ్చినప్పుడు ‘మూత మీద బండి ఏమైనా ఉందా?’ అని అవతలివాళ్లను అడగడం జలమండలి రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ జీవో అక్కర్లేదు.